కదిలే మేట

కోట బురుజు మీది నుంచి కిందికి తోసేసిన రాకుమారుడు అరిందముడికి రాయి తగల్లేదు, నీరు తగల్లేదు. చల్లటి నల్లటి బురద అతణ్ణి ఒక్క గుటకలో నడుము దాకా మింగి, మిగతాది తీరిగ్గా మింగుదామన్నట్టు ఆగింది.

పైన బురుజు అంచున మొసలి రౌతుల నాయకుడు కుంభీరుడు వంగి చూశాడు. మొసలి తోలు కవచం ఎండలో తళతళలాడింది.

"కత్తికి మైల ఎందుకు? పోటు వచ్చి మిగతా పని చూసుకుంటుంది," అని తన భటులతో అని, వెనుదిరిగి లోపలికి వెళ్ళిపోయాడు. రత్నకూట రాజవంశం ఆ బురదలో అంతమైపోయిందని వాడు మనసారా నమ్మాడు.

అరిందముడు నాలుగు వైపులా చూశాడు. సైకతపురి రాజ్యాన్ని చీల్చుకుంటూ వచ్చిన శ్వేతవాహినీ నది సముద్రంలో కలిసే మొగ అది. ఆటు వేళ కావడంతో నీరు వెనక్కి తగ్గి, చూపు ఆనినంత మేర ఒండ్రు మైదానం బయటపడింది. ఉదయపు ఎండ పడి ఆ బురద ఒకచోట నెమలి కంఠంలా నీలంగా, ఒకచోట రాగి పళ్ళెంలా ఎర్రగా మెరుస్తున్నది. దాని మీద నీటి పాయలు వెండి తీగల్లా అల్లుకున్నాయి. దూరంగా మడ అడవి పచ్చటి గోడలా నిలబడింది. పొడుగు కాళ్ళ ఉల్లంకి పిట్టలు గుంపులు గుంపులుగా దిగి, సూదుల్లాంటి ముక్కులతో బురదను కుడుతున్నాయి. అంత అందమైన చోట చావు కూడా ఉంటుందని ఎవరూ అనుకోరు.

అతడు కుడికాలు లాగబోయాడు. ఎడమకాలు మరింత దిగింది. ఎడమకాలు లాగితే బురద పొట్ట దాకా వచ్చింది. సముద్రం వైపు నుంచి తెల్లటి నురుగు గీత ఒకటి కదలి వస్తున్నది. అది పోటు!

"కదలకు బాబూ! కదిలినావంటే ఇంకా దిగిపోతావు!"

అరిందముడు తల తిప్పాడు. ఒక స్త్రీ పొడవాటి చెక్క పలక మీద ఒక మోకాలు ఆనించి, రెండో కాలితో బురదను వెనక్కి తన్నుకుంటూ, మంచు మీద జారినట్టు దూసుకొస్తున్నది. నలభై ఏళ్ళు దాటిన మనిషి. గోచీ పోసి కట్టిన చీర, వీపున గుల్లల బుట్ట.

"ఎనక్కి ఒరుగు. ఈత కొట్టినోడు ఎల్లకిలా తేలతాడు సూడు, అలాగ ఒరుగు. నడ్డి తేలితే కాళ్ళు వాటికవే వత్తాయి," అంది ఆమె.

చావు ముంచుకొస్తుంటే వెనక్కి పడుకోమనడం అరిందముడికి వింతగా తోచింది. అయినా ఆ గొంతులో బెదురు లేదు. అతడు వెనక్కి వాలాడు. బురద అతణ్ణి మోసింది. ఆమె పలక చివర అతని చంకల కిందికి తోసి, చేత్తో కాలి చుట్టూ నీళ్ళు పోస్తూ బురదను పలచన చేసింది. ఒక కాలు చప్పుడు చేస్తూ ఊడి వచ్చింది. తర్వాత రెండోది. నురుగు గీత వాళ్ళను అందుకునేసరికి ఇద్దరూ పలక మీద బోర్లా పడుకుని, ఆ పోటు అల మీదనే తేలుతూ మడ అడవిలోకి కొట్టుకుపోయారు.

మడ చెట్ల వేళ్ళ మధ్య గట్టి నేల తగలగానే అరిందముడు ఆమె పాదాల మీద వాలబోయాడు.

"దండాలు తరవాత పెడుదువుగానీ, ముందు ఒళ్ళు కడుక్కో. ఎవుడివో ఏటో, నీ మొహం కానరావట్లేదు," అని ఆమె నవ్వింది.

ఆమె పేరు గౌరక్క. ఆ మొగలో పడవ నడిపించే తండేలు ఆమె భర్త. అతణ్ణీ, పల్లెలోని మగవాళ్ళందరినీ కుంభీరుడు కొండరాళ్ళు మోయించడానికి పట్టుకుపోయాడు. అప్పటి నుంచి భర్త పడవా, ఆయన తండేలుతనమూ ఆమెవే అయ్యాయి. పల్లెలోని ఆడవాళ్ళు అరిందముణ్ణి ఎవరని అడగలేదు. ఒకామె వేడి గంజి తెచ్చింది, ఒకామె ఎండు చేప కాల్చి పెట్టింది, ఒక ముసలమ్మ తన కొడుకు దుప్పటి కప్పి, కప్పాక కూడా అంచులు సర్దుతూ చాలాసేపు కూర్చుంది. రాజభవనంలో బంగారు పళ్ళెంలో తిన్న ఏ భోజనమూ ఆ గంజికి సాటి రాదని అరిందముడికి అనిపించింది. అతని కళ్ళు చెమర్చాయి.

ఆ ఆదరణ చూశాక అతడు గౌరక్క దగ్గర నిజం దాచలేకపోయాడు.

"అక్కా, నేను రత్నకూట రాకుమారుణ్ణి. మా తండ్రి చిత్రభాను మహారాజును పంకజిహ్వుడనే మాంత్రికుడు మాయం చేశాడు. ఎక్కడ దాచాడో ఎవరికీ తెలియదు. మా ద్వీపాన్ని వాడి సేనలు ముట్టడించాయి. మా తల్లి అంశుమతీ దేవి పిల్లలనూ, ముసలివాళ్ళనూ, గాయపడ్డవాళ్ళనూ పెద్ద ఓడలోకి ఎక్కించి బయలుదేరింది. పున్నమినాడు మధ్యాహ్నపు పోటులో ఆ ఓడ ఈ మొగలోకి వస్తుంది. పైన సైకతపురి రాజు మాకు మిత్రుడు, మా వాళ్ళకు చోటిస్తాడు. మొగ ఎలా ఉందో చూడడానికి ముందుగా వచ్చి నేను ఈ కోటను ఆక్రమించిన పంకజిహ్వుడి మనిషి కుంభీరుడికి దొరికిపోయాను."

గౌరక్క ముఖంలో నవ్వు మాయమైంది.

"పెద్ద ఓడా? ఎంత లోతు కావాల?"

"మూడు బారలు."

"ఓలమ్మో!" అని ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పాత కాలవ పూడిపోనాది బాబూ. నిరుడు ఓడలు తిరిగిన సోట ఇప్పుడు నా గుల్లల బుట్ట తడవదు. ఆ ఓడ మేట ఎక్కిందంటే, ఆటు దిగ్గానే పక్కకి ఒరిగిపోతాది. అప్పుడు మొసళ్ళ మీద ఆళ్ళొత్తారు. అందుకే కదా ఆ కుంభీరుడు కోటలో సల్లగా కూసున్నాడు!"

"పాత కాలువ పోతే కొత్తది ఉండి తీరాలి కదా? ఇంత నది ఎటో ఒకవైపు పోవాలి. పున్నమికి ఇంకా మూడు రోజులుంది. వెతుకుదాం," అన్నాడు అరిందముడు.

"ఎతుకుదాం గానీ, నన్ను అక్కా అన్నావు. నాను నిన్ను బాబుగారూ అనాలా?"

"తమ్ముడూ అను. ఇకపై నాకు ఆ పేరే గొప్ప."

మరునాటి ఉదయమే పడవ మొగలోకి బయలుదేరింది. అరిందముడు ఒళ్ళంతా బురద పూసుకుని, చింకి గోచీ కట్టుకుని, వెర్రివాడని రాళ్ళ మోతకు పట్టుకుపోని గౌరక్క మరిది, మూగ సింగన్నగా మారిపోయాడు. గౌరక్క చేతిలో సీసపు గుండు కట్టిన పొడవాటి తాడు ఉంది. బారకొక ముడి. గుండు అడుగున చిన్న గుంట, ఆ గుంటలో తేనెమైనం. గుండు అడుగును తాకినప్పుడు అక్కడున్నదేదో ఆ మైనానికి అంటుకుని పైకి వస్తుంది.

"ముడి లోతు సెప్తాది, మైనం అడుగు సెప్తాది. రెండూ తెలిత్తేనే దారి తెలుత్తాది," అంది గౌరక్క.

గుండు విసరడం, తాడు లాగడం, ముడులు చూడడం, మైనం చూడడం. నది వైపు విసిరితే నల్లటి ఒండ్రు అంటింది, వేలితో రాస్తే వెన్నలా సాగింది. సముద్రం వైపు విసిరితే తెల్లటి ఇసుక, పగిలిన గవ్వల పొడి. ప్రతి చోటా అరిందముడు పాత తెరచాప గుడ్డ మీద బొగ్గుతో ఒక చుక్క పెట్టి, పక్కన లోతు రాశాడు. ఒడ్డున మూడు గుర్తులు పెట్టుకున్నారు: కోట బురుజు, ఒంటి తాడిచెట్టు, మడ అడవి కొస. ఆ మూడింటి మధ్య తానెక్కడున్నాడో చూసుకుంటూ చుక్కలు సరైన చోట పడేలా జాగ్రత్తపడ్డాడు.

అకస్మాత్తుగా నీరు రెండుగా చీలింది. పడవ పక్కనే ఒక మొసలి తల తాటి దుంగలా పైకి లేచింది. దాని వీపున జీను, జీను మీద కుంభీరుడు!

"ఏయ్! ఆ తాడు ఏమిటి? మొగలో లోతు చూస్తున్నావా?" అని వాడు ఈటెతో తాడును ఎత్తాడు.

నిన్న అరిందముణ్ణి తోసిన మనిషి చేతికందే దూరంలో ఉన్నాడు. అరిందముడు నోరు వెళ్ళబెట్టి, వెర్రి చూపులు చూస్తూ పడవ అడుగున కూలబడ్డాడు. తెరచాప గుడ్డ మీదనే కూర్చున్నాడు.

గౌరక్క తొణకలేదు. "లోతు నాకెందుకు దొరా? పీతల తాడు ఇది. సూడండి," అని తాడు సరసరా లాగింది. ముడి ముడికీ ఆమె ముందుగానే చేప తలకాయలు కట్టి ఉంచింది. వాటిని పట్టుకుని పెద్ద పెద్ద మండపీతలు వేలాడుతూ వచ్చాయి. "మీ కోసమే దొరా, ఇంద!" అని అన్నిటికంటే పెద్దదాన్ని తీసి వాడి ఒళ్ళో వేసింది. అది తటాలున కుంభీరుడి బొటనవేలు పట్టుకుంది.

వాడు కెవ్వుమన్నాడు. మొసలి బెదిరి గిర్రున తిరిగింది. పీతను విదిలించుకోలేక, పరువు పోతుందని మళ్ళీ అరవలేక, కుంభీరుడు కోట వైపు మొసలిని తోలుకుపోయాడు.

అరిందముడు పొట్ట పట్టుకుని, శబ్దం రాకుండా నవ్వాడు. గౌరక్క మాత్రం వాడు కనుమరుగయ్యేదాకా నవ్వలేదు. తర్వాత తాడు పక్కన పెట్టి పడవ అడుగున కూర్చుండిపోయింది. అరిందముడు తాడు అందుకుని, ఆమె కుదుటపడే వరకు తనే గుండు విసిరాడు.

అలా ఆ రోజూ, ఆ మరునాడూ మొగ అంతా గాలించారు. రెండో రోజు పొద్దు వాలుతుండగా ఒక వింత జరిగింది. మొగ నడి మధ్య, పెద్ద మేట మీద గౌరక్క గుండు విసిరి, "బారన్నర" అంది. అరిందముడు బొగ్గు వెతుక్కునేలోగా మళ్ళీ చూసి, "కాదు, బార" అంది. మరుక్షణం, "ఇదేటి! మళ్ళీ బారన్నర!" అని తాడు వదిలేసింది. పోటు లేదు, ఆటు లేదు, నీరు అద్దంలా నిలిచి ఉంది. అడుగు మాత్రం పైకి వస్తున్నది, కిందికి పోతున్నది.

అరిందముడు గుండు లాగి మైనం చూశాడు. ఒండ్రు లేదు, ఇసుక లేదు. శుభ్రమైన మైనం మీద ఆరు పలకల గుర్తు ఒకటి, ముద్ర కొట్టినట్టు పడి ఉంది.

అతడు తెరచాప గుడ్డ పరిచాడు. ఒకే లోతున్న చుక్కలనన్నిటినీ వరుసగా బొగ్గు గీతతో కలిపాడు. రెండు బారల చుక్కలు కలిపితే ఒక గీత, బారన్నర చుక్కలు కలిపితే దాని లోపల మరో గీత. గీత తర్వాత గీత పడుతున్నకొద్దీ గుడ్డ మీద ఒక ఆకారం లేచింది. పెద్ద గుండ్రటి వీపు. నాలుగు వైపులా తెడ్ల వంటి నాలుగు దిబ్బలు. సముద్రం వైపు పొడుచుకొచ్చిన తల!

గౌరక్క ఊపిరి బిగబట్టింది.

"తమ్ముడూ, ఇది మేట కాదు. తాబేలు! బతికే ఉంది. ఊపిరి తీత్తాంది!"

ఇద్దరికీ ఒక్కసారే అంతా బోధపడింది. ఎవరో ఈ మహాకూర్మాన్ని తెచ్చి మొగకు అడ్డంగా పడుకోబెట్టారు. నది ఒరవడి దాని వీపుకు తగిలి మందగించింది. మందగించిన నీరు మోసుకొచ్చిన ఒండ్రును అక్కడే వదిలేసింది. దానితో ఒక్క వానాకాలంలో కాలువ పూడిపోయింది. ఇది పంకజిహ్వుడి పని కాక మరెవరిది?

"కానీ అది కదలకుండా ఎందుకు పడి ఉంది?" అన్నాడు అరిందముడు.

దానికి జవాబు నీటి అడుగున ఉంది. మరునాడు పున్నమి. ఉదయం ఆటు పూర్తిగా దిగగానే అతడు నడుముకు తాడు కట్టుకుని, తాబేలు తల ఉండాల్సిన చోట మునిగాడు. చేతులతో తడుముకుంటూ పోయాడు. మెడ మడతల మధ్య చేతికి చల్లటి ఇనుము తగిలింది. రోకలంత మేకు! దాన్ని మంత్రాక్షరాలతో చెక్కి, మాంసంలోకి దిగగొట్టారు. దాని చుట్టూ నీరు వేడిగా ఉంది. ఆ బాధ ఎంతటిదో తలుచుకోగానే అరిందముడికి తన భయం గుర్తు లేకుండా పోయింది.

అతడు మేకు పట్టి లాగాడు. కదల్లేదు. పైకి వచ్చి ఊపిరి పీల్చి మళ్ళీ మునిగాడు. కాళ్ళు ఆనించి లాగాడు. కదల్లేదు. మూడోసారి పైకి వచ్చి, పడవ అంచు పట్టుకుని రొప్పుతూ అన్నాడు:

"మనిషి బలానికి లొంగేది కాదక్కా. ఏనుగు ఉంటే బాగుండేది."

గౌరక్క సముద్రం వైపు చూసింది. తెల్లటి గీత ఒకటి బయలుదేరింది.

"ఏనుగు వత్తాంది," అంది.

అతనికి అర్థమైంది. పడవ ముందు కొమ్ముకు కట్టిన లంగరు మోకు అందుకుని మళ్ళీ మునిగాడు. దాన్ని మేకు తలకు బిగించి కట్టాడు. పైనుంచి గౌరక్క మోకును వీణ తీగలా బిగలాగి ముడివేసింది. పోటు వచ్చింది. నీరు లేస్తున్నది, పడవ లేవాలి. కానీ మోకు దాన్ని పట్టి ఉంచింది. పడవ ముక్కు నీటిలోకి వంగింది. చెక్కలు కిర్రుమన్నాయి. మోకు నుంచి నీళ్ళు పిండినట్టు కారాయి.

సరిగ్గా అప్పుడే కోట మీద కొమ్ము మోగింది! కుంభీరుడు బొటనవేలికి గుడ్డ చుట్టుకుని, ఇరవై మొసళ్ళను వెంటబెట్టుకుని వస్తున్నాడు. రెండో వైపు, సముద్రపు అంచున, తెల్లటి తెరచాప ఒకటి కొంగ రెక్కలా కనిపించింది. ఓడ!

"మోకు నరికేయమంటావా? పడవ మునిగిపోతాది!" అని గౌరక్క గొడ్డలి ఎత్తింది. నీరు ముందు అంచు దాటి లోపలికి పొర్లుతున్నది.

"కొంచెం ఆగు అక్కా! ఇంకొక్క క్షణం!"

కుంభీరుడు ఈటె ఎత్తాడు. అది గాలిలో బుస్సుమంటూ వచ్చి గౌరక్క పక్క చెక్కలో దిగింది. రెండో ఈటెకు అరిందముడు తెడ్డు అడ్డం పెట్టాడు. మొదటి మొసలి పడవ అంచు కొరికింది. అంతలో నీటి అడుగున పిడుగు పడ్డట్టు ఒక చప్పుడు! పడవ బంతిలా ఎగిరి, గాలిలో ఒక తిరుగుడు తిరిగి, నీటి మీద పడింది. మోకు చివర ఎర్రగా కాలుతున్న మేకు పైకి లేచి, ఎండ తగలగానే బూడిదై రాలిపోయింది.

మేట కదిలింది.

ముందు నీరు పాలు పొంగినట్టు పొంగింది. తర్వాత ఒండ్రు, ఇసుక, గవ్వలు, ఎన్నాళ్ళుగానో పేరుకున్న పాత వలలు అన్నీ రెండు పక్కలకూ కొండచరియల్లా జారాయి. వాటి నడుమ నుంచి పచ్చటి పెంకు, దీవి అంత పెంకు, నీళ్ళు కార్చుకుంటూ లేచింది. వెనుక ఆగిపోయి ఉన్న శ్వేతవాహిని ఒక్కసారిగా విడుదలై, మేటను కోసుకుంటూ, నల్లటి ఒండ్రును సుడులు తిప్పుతూ సముద్రంలోకి దూకింది. ఆ వరద ముందు మొసళ్ళు గడ్డిపరకలైపోయాయి. కుంభీరుడు తన మొసలి తోక పట్టుకుని, కేకలు పెడుతూ మడ అడవి అవతలికి కొట్టుకుపోయాడు.

వరద సద్దుమణిగాక గౌరక్క గుండు విసిరింది. ముడులు ఒకటి తర్వాత ఒకటి నీటిలోకి జారిపోయాయి.

"అయిదు బారలు! తమ్ముడూ, అయిదు బారలు!" అని ఆమె నవ్వింది, ఏడ్చింది, గుండును కళ్ళకు అద్దుకుంది.

అప్పుడు మహాకూర్మం తల ఎత్తింది. దాని కళ్ళు చెరువుల్లా నిర్మలంగా ఉన్నాయి. గొంతు నీటి లోపలి గంటలా మోగింది.

"నాయనా, ఎందరో నా వీపున నడిచారు. నాకు నొప్పి ఉందని కనిపెట్టినవాడివి నువ్వు, విడిపించే ఉపాయం చెప్పినది ఈ తల్లి. మీ ఇద్దరికీ నా కృతజ్ఞతలు. నేను సముద్రుడి సేవకుణ్ణి. కిరీటం ధరించిన ఒక బందీని ధూమద్వీపానికి మోసుకెళ్ళమని పంకజిహ్వుడు నన్ను మోసగించాడు. ఆ రహస్యం బయటపెడతానని భయపడి, తిరిగి రాగానే నా మెడలో మేకు దిగగొట్టాడు."

"కిరీటం మీద ఏ గుర్తు ఉంది?" అని అరిందముడు ఆత్రంగా అడిగాడు.

"ఉదయిస్తున్న సూర్యుడు."

అది చిత్రభాను మహారాజు కిరీటం! అరిందముడు పడవలోనే మోకరిల్లాడు. "మా నాన్నగారు బతికే ఉన్నారా?"

"ఉన్నాడు. అయితే విను. నువ్వు చచ్చావని కుంభీరుడి భటులు నా మీదుగా పోతూ చెప్పుకోవడం విన్నాను, మాంత్రికుడూ అదే నమ్ముతున్నాడు. నువ్వు బతికి, తండ్రి జాడ కనిపెట్టావని తెలిసిన మరుక్షణం ఆయన్ను చంపుతాడు. నా మేకు బూడిదైన సంగతి ఈ సాయంత్రానికల్లా వాడికి తెలుస్తుంది. వాడు ధూమద్వీపానికి బయలుదేరేలోగా మనం అక్కడికి చేరాలి. ఇప్పుడే నా వీపు ఎక్కు."

అరిందముడు వెనక్కి చూశాడు. ఓడ మొగ దగ్గరికి వస్తున్నది. తెరచాప మీది సూర్యుడు స్పష్టంగా కనిపిస్తున్నాడు. ఆ ఓడలో తల్లి ఉంది. అరగంట ఆగితే ఆమె ఒడిలో తల పెట్టుకోవచ్చు.

"ఎల్లు తమ్ముడూ," అంది గౌరక్క. "ఓడకి దారి నాను సూపిత్తాను. ఊరు సేరినాక, తలుపేసి, ఆ తల్లి సెవిలో నాను సెప్తాను. ముందర ఎవురికీ సెప్పను."

"అక్కా, నువ్వు లేకపోతే..."

"నువ్వు లేకపోతే నా మొగ లేదు. ఎల్లు."

ఈసారి ఆమె వద్దనేలోగానే అతడు ఆమె పాదాలను తాకాడు. తర్వాత పడవ చెక్కలో దిగిన ఈటెను పెరికి తీసుకుని పెంకు మీదికి దూకి, అక్కడ మిగిలిన ఒండ్రును మళ్ళీ ఒళ్ళంతా పూసుకున్నాడు. కూర్మం వీపు కొంచెమే పైకి ఉండేలా నీటిలో మునిగి, కాలువ పక్కగా సముద్రం వైపు సాగింది. చూసేవాళ్ళకు అదొక బురద మేటలా, దాని మీద ఒక బురద మనిషి నిలబడినట్టుగా ఉంది.

ఓడకు ముందు గౌరక్క పడవ నడిచింది. గుండు విసిరినప్పుడల్లా ఆమె రాగం తీసి లోతు పిలుస్తున్నది: "అయిదు బారలో! నాలుగున్నరో! కుడికి ఒరుగో!" ఓడ ఆ పిలుపును పట్టుకుని, మూడు బారల కడుపుతో, ఏ మేటనూ తాకకుండా హంసలా కదిలింది. అంచుల వెంట పిల్లలు, ముసలివాళ్ళు, కట్లు కట్టిన సైనికులు కిక్కిరిసి ఉన్నారు. చాలామంది ఏడుస్తున్నారు.

ఓడ కూర్మం పక్కగా సాగుతుండగా, ముందు భాగాన నిలబడి ఉన్న అంశుమతీ దేవి ఆ బురద మనిషిని చూసింది. గౌరక్క చెయ్యెత్తి అతని వైపు చూపించి, "దారి తెరిసినోడు ఆడే తల్లీ!" అని అరిచింది.

రాణి ఓడ అంచుకు వచ్చింది. ముట్టడిలో ఆమె చిక్కిపోయింది. జుట్టు తెల్లబడింది. చంకలో ఎవరిదో పసిబిడ్డ నిద్రపోతున్నది.

"నాయనా! నువ్వెవరి బిడ్డవో నాకు తెలియదు," అని ఆమె గొంతెత్తి పలికింది. "ఇంతమంది ప్రాణాలు నిలబెట్టావు. నిన్ను కన్న తల్లి కడుపు చల్లగా ఉండాలి!"

అరిందముడి పెదవులు కదిలాయి. ఒడ్డున కోట మీద ఇంకా కాపలావాళ్ళు ఉన్నారు. 'అమ్మా' అన్న మాట గొంతులోనే ఆగిపోయింది.

రాణి పసిబిడ్డను పక్కనున్న వాళ్ళకు అందించింది. రెండు చేతులూ జోడించి, ఆ బురద మనిషికి నమస్కరించబోయింది.

తల్లి చేత నమస్కారం పెట్టించుకోవడమా! అరిందముడు గబుక్కున పెంకు మీద సాష్టాంగపడిపోయాడు. ఆమె చేతులు జోడించేసరికి, ఆ నమస్కారం అతని మీదుగా సాగి, వెనుక మధ్యాహ్నపు ఎండలో వెలుగుతున్న సముద్రానికి చెందింది. తడి పెంకుకు చెంప ఆనించి, అతడు కళ్ళు మూసుకున్నాడు. ఎంత ఆనందమో, ఎంత బాధో అతనికే తెలియలేదు.

ఓడ నీడ అతని మీది నుంచి మెల్లగా జారి వెళ్ళిపోయింది. గౌరక్క పిలుపు దూరమైంది.

"గట్టిగా పట్టుకో," అంది మహాకూర్మం.

అరిందముడు లేచి చూశాడు. ఎదురుగా, ఆకాశమూ సముద్రమూ కలిసే చోట, నిర్మలమైన ఎండలో ఒక పొగ స్తంభం నిటారుగా లేస్తున్నది. దాని మొదట్లో నల్లటి కొండ కొస కనిపించింది. ఆ కొండ వైపు నుంచి ఏదో రెక్కలు చాచుకుని, నీటిని రాచుకుంటూ, తమకు ఎదురుగా వస్తున్నది. అతడు కుంభీరుడు విసిరిన ఈటెను రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. కూర్మం తెడ్లు ఒక్కసారిగా నీటిని వెనక్కి తోశాయి.